ఆపకుండా చూసే మనిషి

ఫ్యాక్టరీ పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో పోయిన గురువారం పొద్దున నాకు పని నేర్పిన పెద్దాయన ఫోటో ఒకటి పడింది. ఏదో పెళ్లిలో తీసింది. ఆయన మెడలో ఎవరో బలవంతాన వేసిన దండ ఉంది, ముఖంలో ఇక్కడినుంచి ఎప్పుడు బయటపడదామా అన్న తొందర ఉంది. అది చూసి ముందు నవ్వాను. తర్వాత కింద వరసగా పడుతున్న చేతులు జోడించిన బొమ్మలు చూశాను. సమాధి కార్యక్రమం సంగారెడ్డిలో మధ్యాహ్నం రెండింటికి అని ఆయన కొడుకు రాశాడు.

కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆయన్ని ఒక క్షమాపణ అడగాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. రెండుసార్లు ఇంటిదాకా వెళ్లి కూడా అడగలేదు. ఇక అడగడానికి మనిషి లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్ల మీద ఆయనకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఏ పంపో మొరాయించిందని ఫోను వస్తే అవతలివాళ్లు దాని పేరు, నంబరు, ఏ బ్లాకో ఏకరువు పెట్టేవాళ్లు. ఈయన ఓపిగ్గా అంతా విని, "పేరు నాకెందుకు తమ్మి, లోపల ఏమున్నదో చెప్పు" అనేవాడు. లోపల ఏముందో తెలిస్తే వాళ్లు ఫోను ఎందుకు చేస్తారు? ఆ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు పోయే దారిలో ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో మేమిద్దరం కంప్యూటర్ విభాగం. విభాగమంటే రెండు కుర్చీలు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా కంప్యూటర్ల కోసమే, దాని చలవతో మేం బతికాం. తూకం యంత్రాలు, పంపులు, వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు, వీటన్నిటి నుంచి లెక్కలు తీసుకుని నడిచే చిన్న చిన్న ప్రోగ్రాములు ముప్పై దాకా ఉండేవి. అన్నీ ఆయన రాసినవే. పెర్ల్ అనే పాత స్క్రిప్టు భాషలో రాశాడు. కొత్తగా చదువుకొని వచ్చిన నాకు ఆ భాష పేరు వింటేనే నామోషీగా ఉండేది.

ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా ఆయన ముందు చేసే పని చేతులు వెనక్కి కట్టుకోవడం. మన చేతులు ఊరుకోవు కదా, కీబోర్డు కనబడగానే ఏదో ఒకటి నొక్కేస్తాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, కాస్త ముందుకు వంగి, తెరను చూస్తూ నిలబడేవాడు. పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. చుట్టూ ఉన్నవాళ్లకు ఒళ్లు మండిపోయేది. నాకూ మండేది. ఆయన మాత్రం పొయ్యి మీద పాలకు కాపలా కాస్తున్నవాడిలా కదలకుండా ఉండేవాడు.

నేను చేరిన మొదటి వారంలోనే నీళ్ల ప్లాంటులో అలారం మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ట్యాంకు చూస్తే సగం కూడా నిండలేదు. నేను నా ప్రతాపం చూపిద్దామని ప్రోగ్రాం తెరిచి, అక్కడక్కడ విలువలు అచ్చువేసే వాక్యాలు నాలుగు చేర్చి, ఆపి మళ్లీ నడపబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఆపి మళ్ల నడిపిస్తె ఆ వేరియబుల్‌ల ఏమున్నదో తెలుస్తది అన్నా."

"ఆపితే ఇప్పుడు ఉన్నది పోతది గద. మళ్ల నడిపిస్తె వచ్చేది వేరే. జబ్బు పడ్డోణ్ని పంపిచ్చి, వాని తమ్మున్ని పిలిచి నాడి సూస్తవా?"

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "మీ ఇంట్ల నిన్ను ఏమని పిలుస్తరు?"

"చిన్నా అంటరు."

"నేను పటాన్‌చెరు బజార్ల నిలబడి చిన్నా అని పిలిస్తె పలుకుతవా?"

"ఇంకెవర్నో అనుకుంట."

"గదే. ప్రతి ఇంట్ల ఒక చిన్నా ఉంటడు. ఈ భాషల 'మై' అని పెట్టి ఒక పేరు రాసినవనుకో, అది ఆ ఇంటి మనిషి. ఆ రెండు బ్రాకెట్ల మధ్యల్నే ఆ పేరు చెల్లుతది. బయటికెల్లి పిలిస్తె పలకదు. పానం ఎట్లున్నదో తెలవాలంటె ఆ ఇంట్లకే పోయి సూడాలె. బజార్ల నిలబడి అనుకుంటె ఎట్ల?"

ఇంట్లోకి వెళ్లే దారిని ఆయన ముందే పెట్టుకున్నాడు. తాను రాసిన ప్రోగ్రాముల్లో ఒక కిటికీ ఉంచేవాడు. దాన్ని కిటికీ అనే పిలిచేవాడు. పక్క తెర మీద ఒక చిన్న ఆజ్ఞ కొడితే, నడుస్తున్న ప్రోగ్రాం ఆగకుండానే, ఆ క్షణాన ఏ ఇంట్లో ఏ పేరు కింద ఏ విలువ ఉందో వరసగా రాసి పెట్టేది. ఆ రోజు అలాగే చూశాం. ట్యాంకు మట్టం ఉండవలసిన చోట ఏమీ లేదు, ఉత్త ఖాళీ. కొలిచే పరికరం వైరు ఊడిపోయి ఉంది. ఖాళీని ప్రోగ్రాం ప్రమాదమని తీసుకుని అరుస్తోంది. వైరు పెట్టగానే అరుపు ఆగింది. నా నాలుగు వాక్యాలు నేనే చెరిపేశాను.

"అనుకుంటున్నా" అనే మాట ఆయన దగ్గర నిషేధం. వైరు ఊడిందనుకుంటున్నా సార్ అని ఎవరైనా అంటే, "అనుకునుడు వద్దు, సూసి చెప్పు" అనేవాడు. ఇంట్లో కూడా ఇదే వరస అని వాళ్లావిడ నాతో నవ్వుతూ మొరపెట్టుకుంది. పాస్టరు గారిని కూడా వదల్లేదట. ఆదివారం ఆరాధనలో రోగుల కోసం ప్రార్థన చేద్దామని ఆయన అంటే, బయటికి వచ్చాక ఈయన వెళ్లి, "ఎవరయ్యా రోగులు, ఏ వార్డుల ఉన్నరు, జ్వరం ఎంతున్నది? పోయి సూసొచ్చి ప్రార్థన చేస్తె ఇంక మంచిగుంటది గద" అన్నాడట. పాస్టరు గారు ఆ తర్వాతి వారం నుంచి రోగుల పేర్లు, వార్డు నంబర్లు కాగితం మీద రాసుకుని రావడం మొదలుపెట్టారట. ఈయన్ని కూడా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లేవారట.

అంత మాత్రాన దేవుడిలాంటి మనిషి అని చెప్పబోవడం లేదు. మొండి. నత్తనడక. ఐదు నిమిషాల్లో అయ్యే పనికి మూడు గంటలు పట్టించేవాడు, పైగా ఆలస్యమైందని ఎవరైనా అంటే రోజంతా మూతి ముడుచుకునేవాడు. ఫ్యాక్టరీ మొత్తం నడిచేది ఒకే మంత్రం మీద. సమస్య వస్తే ఆపి మళ్లీ ఆన్ చేయవలెను. ప్రతి యంత్రం పక్కనా ఆ కాగితం అంటించి, కింద క్వాలిటీ వాళ్ల సంతకం ఉంటుంది. ఆ మంత్రానికి అడ్డం పడే ఒకే ఒక్క మనిషి ఈయన. ఈయన వెనకాల నేను కూడా అందరితోపాటు నవ్వేవాణ్ని. ఈ మాట చెప్పకుండా దాటేస్తే బాగుండదు.

ఆ ఫ్యాక్టరీలో ఆయన మెచ్చుకున్న మనిషి ఒక్కతే. తూకం గదిలో పనిచేసే బాలమణి. చిట్కుల్‌లో ఉండేది. కాంట్రాక్టరు కింద ఎనిమిదేళ్లుగా అదే గదిలో చేస్తోంది. ఆమె పని చూడటానికి సులువు. ఖాళీ డ్రమ్మును తూకం మీద పెట్టి ఒక మీట నొక్కాలి, డ్రమ్ము బరువు యంత్రం పట్టుకుంటుంది. మందు పొడి నింపి మళ్లీ నొక్కాలి. మొత్తంలోంచి డ్రమ్ము బరువు తీసేసి, పొడి బరువుతో లేబులు వస్తుంది. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆమెను అడిగితే పొద్దున గేటులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి చెప్పుకొచ్చేది. ఏ చేత్తో ఏ మీట నొక్కింది, అప్పుడు ఏ దీపం వెలిగింది, అంతా. మాకు ఆవలింతలు వచ్చేవి. ఆయన మాత్రం కళ్లు మూసుకుని వినేవాడు. "సూసింది సూసినట్టు చెప్పే మనిషి ఈమె ఒక్కతే తమ్మి" అనేవాడు.

అప్పటికే ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు సంగారెడ్డిలో డయాలసిస్. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ బాధ్యత నా ఒక్కడిదే.

అలాంటి ఒక రోజు మధ్యాహ్నం తూకం గది నుంచి పిలుపు వచ్చింది. నేను వెళ్లేసరికి బాలమణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె అన్నం డబ్బా, సంచి బల్ల మీద బోర్లించి ఉన్నాయి. పొద్దున్నుంచి ఆమె తూచిన డ్రముల లేబుళ్లన్నీ కలిపితే, ఉండవలసిన దానికన్నా పొడి నాలుగు కిలోలు తక్కువ వచ్చింది. అది మామూలు పొడి కాదు, పిడికెడు పోయినా పైనుంచి ఫోన్లు వచ్చే సరుకు. డ్రములు తిరిగి తూచి చూద్దామంటే అప్పటికే పక్క బ్లాకుకు వెళ్లి, పెద్ద పాత్రలో గుమ్మరించేశారు. మిగిలింది లేబుళ్లే. మహిళా గార్డు ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్లి చీర కుచ్చిళ్లు కూడా విప్పించి చూసిందని తర్వాత తెలిసింది.

"మిషన్ సూడుండ్రి సారు. నేను ఏం ముట్టలే. మిషన్ల ఏదో ఉన్నది" అంది నన్ను చూసి. గొంతు పెంచకుండానే అంది.

ఆయనకు ఫోను చేశాను. అప్పుడు ఆయన చేతికి సూదులు ఉన్నాయి, రక్తం యంత్రంలో తిరుగుతోంది. నర్సు ఫోను చెవి దగ్గర పట్టుకుంది.

"ఆమెకు ఫోనియ్" అన్నాడు.

బాలమణి ఎప్పటిలాగే గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. "పొద్దుగాల మొదటి డ్రమ్ము పాతది సారు, మందంది. పాత స్టాకుల ఒక్కటే మిగిలుండె. దాని తర్వాత అన్ని కొత్తయే, పలసయి. కొత్త కంపెనీయి వచ్చినయి గద మొన్న." ఇంకా చాలా చెప్పింది. తర్వాత ఫోను నాకు ఇచ్చింది.

డయాలసిస్ యంత్రం చప్పుడు మధ్య ఆయన గొంతు వినబడింది. "తమ్మి, నాకొకటి తోస్తుంది. కని అనుకునుడు వద్దు, సూడాలె. ఆ మొదటి డ్రమ్ము బరువు లోపల్నే కూసున్నదా, ప్రతి డ్రమ్ముకు మారుతున్నదా, గదే సూడాలె. ఆ ప్రోగ్రాం నేను ఈడికొచ్చిన కొత్తల రాసిన. దానికి కిటికీ లేదు. బయటికెల్లి లోపలికి పోవాలె, ఆ దారి నీకు తెల్వది. ఫోన్ల చెప్తె అయ్యేది కాదు. మిషన్ ఆపకు. ఇంకో గంటల సూదులు తీస్తరు, గంటన్నరల నీ ముంగట ఉంట. ఎవ్వరేమన్నా ఆపకు."

"ఆపనన్నా" అన్నాను.

తూకాలు నిలిపేసి, మిషన్ మాత్రం నడుస్తూనే ఉంచాను. మొదటి అరగంట తేలిగ్గానే గడిచింది. ప్రొడక్షన్ మేనేజరు వచ్చి వెళ్లాడు. తర్వాత పది నిమిషాలకోసారి రావడం మొదలుపెట్టాడు. తర్వాతి బ్యాచి ఆరబెట్టే యంత్రంలో సిద్ధంగా ఉంది, ఎక్కువసేపు ఉంచితే తేమ పట్టి పాడవుతుంది. డ్రములు మోసే ఒడిశా కుర్రాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. "సాబ్, కబ్ చాలూ హోగా?" అంటూ ఎప్పుడు మొదలవుతుందని వాళ్లు అడగడం, నేను చేత్తో ఆగమనడం.

"ఏమయ్యా, ఎంతసేపు? అదేమన్నా దేవుడా ఆపకూడదంటానికి?" అన్నాడు మేనేజరు.

"అన్న వస్తుండు సార్. లోపల విలువ సూస్తె తెలుస్తది. ఆపితే అది పోతది."

"ఆయనకి వంట్లో బాలేదు. వస్తాడో రాడో. బ్యాచి పోతే సంతకం పెట్టేది నువ్వా?"

మేనేజరు నన్ను బలవంతపెట్టాడని రాయాలని ఉంది. పెట్టలేదు. చెయ్యెత్తి గోడ మీద ఉన్న కాగితం చూపించాడు, అంతే. సమస్య వస్తే ఆపి మళ్లీ ఆన్ చేయవలెను. నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం నాకెప్పుడూ రాలేదు. గంటకు పైగా ఆగాను. ఇంకో ఇరవై నిమిషాలు ఆగితే సరిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే ఆపాను. మళ్లీ ఆన్ చేశాను.

ఈసారి మొదటి డ్రమ్ము కొత్తది. ఆ తర్వాతవీ కొత్తవే. ప్రతి లేబులూ సరిగ్గా వచ్చింది. మేనేజరు పరీక్ష రాళ్లు తెప్పించి కూడా తూచాడు. గ్రాము తేడా లేదు.

"చూశావా, మిషన్ లక్షణంగా ఉంది" అన్నాడు. అని బాలమణి వైపు చూశాడు. ఆ గదిలో ఉన్న అందరం ఆమె వైపే చూశాం. యంత్రంలో తప్పు లేకపోతే ఇక మిగిలింది ఆమే కదా. ఆమె నన్ను చూసింది. నేను తెర వైపు తిరిగిపోయాను.

ఆయన వచ్చేసరికి చొక్కా చెయ్యి ఒకటి పైకి మడిచి ఉంది, మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. ముత్తంగి దగ్గర ట్రాఫిక్కులో ఆటో ఆగిపోతే దిగి, కొంత దూరం నడిచి, ఇంకో ఆటో ఎక్కి వచ్చాడట. తెర ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకోబోయాడు. ప్రోగ్రాం ఎప్పటినుంచి నడుస్తోందో చూపే అంకె మీద కళ్లు ఆగాయి. పద్దెనిమిది నిమిషాలు. చేతులు కిందికి వదిలేశాడు. నన్నేమైనా అంటాడని ఎదురుచూశాను, అంటే నాకు హాయిగా ఉండేది. గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుని, "జెర నీళ్లిప్పియ్ తమ్మి" అన్నాడు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు నీళ్లు కొలిచినట్టే తాగాలి. రెండు గుక్కలు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు.

మర్నాడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి, ఆ పాత ప్రోగ్రాం ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి పట్టుకున్నాడు. అప్పట్లో ఆ ప్రోగ్రాంలో తానే ఒక పనిలోపల ఇంకో పనిని పేరుపెట్టి ఇరికించి రాశాడు. అలా రాస్తే ఈ భాషలో ఒక చిత్రం జరుగుతుంది. బయటి పని ఎన్నిసార్లు జరిగినా దానికి కొత్త డ్రమ్ము బరువు వస్తుంది. లోపలి పని మాత్రం మొట్టమొదటిసారి చూసిన బరువునే పట్టుకుని కూర్చుంటుంది, ప్రోగ్రాం ఆగేదాకా వదలదు. అంటే పలచటి డ్రముల్లోంచి కూడా మొదటి మందం డ్రమ్ము బరువే తీసేసి, పొడిని తక్కువ చేసి చూపింది. డ్రములన్నీ ఒకే రకంగా ఉన్నన్నాళ్లు ఇది ఎవరి కంటా పడలేదు. ఇట్లా అవుతుందని భాష ముందే హెచ్చరిస్తుంది కూడా. కానీ ఆ హెచ్చరికలు ఇంగ్లీషులో తూకం తెర మీద కనబడి, పనిచేసే ఆడవాళ్లు మేమేం పాడుచేశామోనని భయపడుతున్నారని, ఆయనే వాటిని కనబడకుండా ఆపేశాడు. వాళ్లు భయపడొద్దనే చేసిన పని అది.

విచారణ హెచ్.ఆర్. గదిలో జరిగింది. ముగ్గురు పెద్దలు, కాంట్రాక్టరు, ఒక మూల బాలమణి. ఆయన పాత మందం డ్రమ్మును ఎక్కడినుంచో వెతికి తెప్పించాడు. దాన్ని మొదట తూచి, తర్వాత కొత్త డ్రములు తూచి, బరువులు తప్పు రావడం అందరికీ చూపించాడు.

"తప్పు నాది. నేను రాసిన ప్రోగ్రాం. ఆమె ముట్టలే. రాసిస్త, సంతకం పెడత" అన్నాడు.

పెద్దల్లో ఒకాయన నెమ్మదిగా అన్నాడు. "అలా జరగొచ్చండీ, కాదనను. ఆ రోజు అలాగే జరిగిందని ఏముంది? ఆ రోజు లోపల ఉన్న విలువ చూపించగలరా?"

"పోయింది."

"మొదటి డ్రమ్ము పాతదని ఎవరు చెప్పారు?"

"ఆమె చెప్పింది."

"ఆమె అలాగే చెబుతుంది కదండీ."

మందుల ఫ్యాక్టరీలో తూకం ప్రోగ్రాం తప్పని రాసిస్తే అది అక్కడితో ఆగదు. ఇన్నేళ్లుగా తూచిన ప్రతి బ్యాచి మీదా ప్రశ్న పడుతుంది. నెలలో ఆడిట్ ఉంది. ఇవన్నీ ఆ గదిలో ఎవరూ అనలేదు, అందరికీ తెలుసు. ఇంకో పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యివేసి, "మీది మెత్తటి మనసు. వంట్లో బాలేక ఇంకా మెత్తబడ్డారు. ఆమె మీద జాలితో మీ మీద వేసుకుంటున్నారు" అన్నాడు.

"జాలి కాదు సార్. సూపెట్టిన గద మీకు" అన్నాడు ఆయన. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బతిమాలుతున్న గొంతు.

నన్ను అడిగారు. నియమం ప్రకారం ఆపి మళ్లీ ఆన్ చేశానని చెప్పాను. "మీరు చేసింది కరెక్టే" అని నా మాట రాసుకున్నారు. ఇరవై నిమిషాలు ఆగి ఉంటే ఆ విలువ దొరికేదని, ఆపొద్దని అన్న చెప్పాడని, చెప్పినా ఆపానని నేను అనలేదు. అడగలేదు కాబట్టి అనలేదని అప్పట్లో నాకు నేను చెప్పుకునేవాణ్ని.

కాంట్రాక్టరు బాలమణి గేటు పాసు అక్కడే తీసుకున్నాడు. పోలీసుల దాకా పోకుండా వదిలేసినందుకు ఆమె దండం పెట్టాలన్నట్టు మాట్లాడాడు. ఆమె దండం పెట్టలేదు. ప్రోగ్రాంలో తప్పు మాత్రం సరిచెయ్యమని ఆయనకు నోటిమాటగా చెప్పారు, కాగితం లేకుండా. చెయ్యనని మొరాయిస్తాడేమో అనుకున్నాను. రెండు నిమిషాల్లో చేసేశాడు. "లేకుంటె రేపు ఇంకో ఆడామె ఈడ నిలబడాలె" అన్నాడు. సరిచేసిన తర్వాత తెర ఆర్పకుండా చాలాసేపు అక్కడే కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలకే ఉద్యోగం మానేశాడు. నేనూ వేరే కంపెనీకి మారాను. రెండుసార్లు సంగారెడ్డి వెళ్లి కలిశాను. మొదటిసారి వాళ్లావిడ పక్కనే ఉంది, టీ తాగి వచ్చేశాను. రెండోసారి ఇద్దరమే ఉన్నాం. "అన్నా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. ఆయన మంచం మీద అటు తిరిగి, "మీ పాప ఏ క్లాసుకొచ్చింది?" అని అడిగాడు. రెండో తరగతి అన్నాను. లెక్కలు వస్తాయా, పలక మీద చేయిస్తున్నావా, ఫోన్లోనా అని పాప గురించే మాట్లాడాడు. నన్ను తప్పించాలనే అలా చేశాడని నాకు తెలుసు. నేను హాయిగా తప్పించుకున్నాను.

గురువారం రెండింటికి సమాధుల దగ్గరికి చేరుకున్నాను. ఫ్యాక్టరీ నుంచి నలుగురైదుగురు వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, మధ్యలో ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరం పిడికెడు మట్టి వేశాం. జనం పలచబడుతుంటే ఎవరో నా వెనక వచ్చి నిలబడ్డారు. బాలమణి. తల నెరిసింది, కొంచెం చిక్కింది. ఆ ఉద్యోగం పోయాక చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటులోనూ ఆమెను రానివ్వలేదని విన్నాను. అన్ని చోట్లా ఆ కాంట్రాక్టరు మనుషులే. ఇప్పుడు ఇస్నాపూర్‌లో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతోంది. చిట్కుల్ వాడలో ఆమెను ఇప్పటికీ పొడి దొంగ అంటారని ఆమే చెప్పింది, ఎవరి గురించో చెప్పినట్టు.

"నన్ను తీసేసినంక ఓ ఐతారం పెద్ద సారు మా ఇంటికొచ్చిండు" అంది. "నీ పేరు నిలబెట్టెటందుకు ఒక్క గంట ఉండె చెల్లె, నేనే లేటుగ వచ్చిన, ఆలోపు మిషన్ ఆపాల్సొచ్చింది, నన్ను మాఫ్ చెయ్ అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది సారు. ఆ గంట ముందుగాల రావొద్దా అని తిట్టిన. గడప ఎక్కనియ్యలే. కూసో అనలే. ఎండల నిలబడి, నిలబడి, పోయిండు. మూడేండ్లు ఆయన్నే తిట్టుకున్న. ఇయ్యాల పొద్దుగాల తెలిసింది. నా ఉసురే తగిలిందా సారు ఆయనకు?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఈసారి తిరగడానికి తెర లేదు.

"ఆయన లేటుగ రాలేదమ్మా" అన్నాను. "చెప్పిన టైముకే వచ్చిండు. ఆపకు అని ఫోన్ల నాకు చెప్పిండు. ఇంకో ఇరవై నిమిషాలు ఆగితే అయిపోతుండె. నేనే ఆగలే. ఎవ్వరు బలవంతం జెయ్యలే, మిషన్ నా అంతట నేనే ఆపిన. నీ ఉద్యోగం, నీ పేరు, రెండూ నా వల్లనే పోయినయ్."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. కళ్లు తుడుచుకుని, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి సబ్బునీళ్లకు చర్మం లేచిపోయి గరుగ్గా ఉంది.

"మీరు గూడ పెద్ద సారు లెక్కనే ఉన్నరు" అంది. "ఆయన గట్లనే తన మీదేసుకునె. ఇప్పుడు మీరేసుకుంటున్నరు, నా మనసు నిమ్మలం గావాలని. ఆ కాగితం సూపెట్టి మేనేజరే ఆపిచ్చిండని నాకు తెల్వదా?"

"కాదమ్మా, నిజంగ నేనే..."

"ఊకోండ్రి సారు. పొద్దటి సంది ఏం తిన్నట్టు లేరు. పోయి తినుండ్రి."

ఇంకోసారి చెప్పాను. ఆమె తలూపింది, చిన్నపిల్లవాడు చెప్పే మాటకు ఊపినట్టు. ఆ రోజు ఫోన్లో ఆయన నాకేం చెప్పాడో తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం, అందులో ఒకరిని అప్పుడే మట్టిలో పెట్టాం. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆమె గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లి, ఇస్నాపూర్ వైపు పోయే ఆటో ఆపింది. ఎక్కే ముందు వెనక్కి తిరిగి నాకు దండం పెట్టింది.